చాపకూడు – మేడమెట్లు

కిందటి పరీక్షలలో మా కాలేజీ విద్యార్థిని ఒకతె ఒక పేపరు రాయకుండానే హాలులోనుంచి లేచి రావలసివచ్చింది. చదవక కాదు, జబ్బుపడి కాదు, ఆలస్యమయీ కాదు. అందరికంటె ముందే వచ్చి కూర్చున్నది. ఆ అమ్మాయికి చూపు లేదు. తాను చెబుతూవుంటే కాగితం మీద పెట్టే స్క్రైబును వెంటబెట్టుకొనే వచ్చింది. కాని ఆమె హాల్‌టికెట్టు మీద స్క్రైబుకు అనుమతి లేదు. "దరఖాస్తులో నువ్వు అడగలేదు గదమ్మా, ఆన్‌లైనులో 'లేదు' అనే వున్నది" అన్నారు అక్కడి అధికారి. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆన్‌లైనులో అలాగే వున్నది.

అలా ఎందుకు వున్నదో చెప్పడమే ఈ వ్యాసం పని. కాలేజీ పేరూ వర్సిటీ పేరూ నేను రాయడం లేదు. ఎవరినో కాపాడాలని కాదు. ఒక పేరు రాస్తే మిగిలినవారంతా ఇది తమ సంగతి కాదని నిశ్చింతగా వుంటారు గనుక.

ఆ అమ్మాయిది గురజాల వైపు పల్లె. ఆమె చేతిలోని ఫోను మాట్లాడుతుంది. తెర మీద వేలు కదిపితే అక్కడ వున్న అక్షరాలను చదివి వినిపించే సాధనం ఆ ఫోనులోనే వున్నది. దాని సాయంతో ఆమె దినపత్రిక వింటుంది, స్నేహితురాళ్ళకు కబుర్లు రాస్తుంది, డబ్బు పంపుతుంది. ఈ పనులన్నీ నాకంటె వేగంగా చేస్తుంది. కాని పరీక్ష దరఖాస్తు పేజీ తెరిచేసరికి ఆ ఫోను "ఎడిట్, ఎడిట్, బటన్, ఎడిట్" అని మాత్రమే అన్నది. ఎందుచేతనంటే, ఏ గడిలో పేరు రాయాలో, ఏ గడిలో నంబరు రాయాలో కంటికి కనబడేటట్లు పక్కన అచ్చు వేశారే గాని, ఆ పేరును ఆ గడికి యంత్రం గుర్తుపట్టేటట్లు తగిలించలేదు. పుట్టినతేదీకి వేలితో వెతికి నొక్కవలసిన క్యాలెండరు పెట్టారు, అంకెలు రాయనివ్వదు. అన్నిటికీ చివర కాప్చా. అంటే, నువ్వు యంత్రానివి కాదు మనిషివేనని రుజువు చేసుకోవడానికి వంకరటింకర అక్షరాల బొమ్మను చూచి చదివి రాయాలి. దానికి బదులు వినే ఏర్పాటు లేదు. చూడగలిగినవాడే మనిషి అని ఆ బొమ్మ తీర్పు!

కనుక ఆమె నరసరావుపేటలో ఒక నెట్‌సెంటరుకు వెళ్ళింది. తన పాస్‌వర్డు, ఆధారు, సదరం సర్టిఫికెట్టు, ఫోనుకు వచ్చిన ఓటీపీ - తనకు సంబంధించిన సమస్తమూ ఆ కుర్రవాడి చేతిలో పెట్టింది. కుర్రవాడు చెడ్డవాడు కాడు. గడువుకు ఆఖరిరోజు, వెనక పెద్ద వరుస. "అయిపోయింది అక్కా" అన్నాడు. వైకల్యం వున్నదా అనే ప్రశ్నకు ఆ పేజీలో ముందుగానే 'లేదు' అని నింపివుంటుంది. వున్నవారు దానిని మార్చుకోవాలి. తొందరలో అతను మార్చలేదు. స్క్రైబు కావాలా అనే ప్రశ్న ఆ తరువాతనే వస్తుంది గనుక అది రానేలేదు. రశీదు ఆమె ఫోనుకు వచ్చింది. అది ఒక బొమ్మ. ఆమెకు వైకల్యం లేదని ఆ రశీదులోనే రాసివున్నది. చూపు లేనందువల్ల ఆమె దానిని చదవలేకపోయింది!

స్క్రైబు కావాలని అడగడానికే ఒక స్క్రైబు కావలసివచ్చింది. నా అభియోగమంతా ఈ ఒక్క వాక్యమే. దీనిని పొరపాటు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పొరపాటయితే ఒకసారి జరుగుతుంది, ఒకరికి జరుగుతుంది. ఇది ప్రతి ఏడూ, ప్రతి దరఖాస్తులోనూ, చూపు లేని ప్రతి విద్యార్థికీ జరిగేటట్లు కట్టి నిలబెట్టిన సంగతి. దీనిపేరు నిరాకరణ.

మర్నాడు స్టాఫ్‌రూములో ఈ విషయం వచ్చింది. "పాపం" అన్నారు అందరూ. మన భాషలో జాలికీ దోషానికీ ఒకే మాట వుండడం చిత్రమే. పాపం అని జాలిపడేవాడు ఆ పాపం ఎవరిదో ఆలోచించనక్కరలేదు. మాట అనేసరికి బాధ్యత తీరిపోతుంది. నిజానికి ఆ రోజు అక్కడ పాపం ఆ అమ్మాయిది కాదు, మనది. ఆ తరువాత పెద్దలు కొన్ని వాదాలు చేశారు. అవి ఒక్క మా స్టాఫ్‌రూము వాదాలు కావు; వర్సిటీ కార్యాలయాలలోనూ, దురదృష్టవశాత్తూ మన సభలలోనూ వినిపించేవే. కనుక ఒక్కొక్కటే తీసుకుంటాను.

"నూటికో కోటికో ఒకరు వుంటారు, వారికోసం వెబ్‌సైటంతా తిరగరాయాలా?" ఇది మొదటి వాదం. 2011 జనాభా లెక్కలలో దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు తేలారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మంది. అవి 8 రకాల వైకల్యాలను మాత్రమే అడిగిన లెక్కలు. 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. కనుక ఇది కోటికొకరి సంగతి కాదు. ఇక కాలేజీలో వారు తక్కువగా కనిపిస్తున్నారంటే అందుకు కారణమేమిటి? ఉన్నతవిద్యలో వారికి 5 శాతం సీట్లు కేటాయించాలని అదే చట్టం 32వ సెక్షను చెబుతున్నది. సీటు కేటాయించి, ఆ సీటుకు వెళ్ళే దారి మూసివేసి, "చూడండి, ఎవరూ రావడం లేదు" అనడం ఏమి న్యాయం? మెట్లమీద బడి పెట్టి, నడవలేని పిల్లలు మా ఊళ్ళో లేరు అన్నట్లే.

పైగా ఇది చూపు లేనివారి సంగతి మాత్రమే కాదు. వినికిడి లేని విద్యార్థికి వీడియో పాఠం పెట్టి కింద మాటలు అచ్చువేయకపోతే అతనికి అది మాస్టారి మూగనాటకం. సందేహాలకు ఫోను నంబరు ఒక్కటే ఇస్తే అతను ఎవరితో ఏమని మాట్లాడాలి? చేతులు వణికే విద్యార్థి సన్నని మీట మీద గురి కుదిరేలోపల గడువు ముగిసి, రాసినదంతా చెరిగి, పేజీ మొదటికి వస్తుంది. తప్పు నింపిన గడిని ఎర్రరంగుతో మాత్రమే చూపిస్తే రంగులు పోల్చలేనివాడికి తన తప్పేదో తెలియదు. వీరందరినీ కలుపుకొని లెక్కవేయండి. ఆ పైన, అరవై దాటి కళ్ళు మసకబారే రోజులు మనకూ వస్తాయి. పింఛను కాగితాలు అప్పుడు మనమూ ఈ తెరల మీదనే నింపాలి.

రెండవ వాదం మెత్తనిది, కనుక మరీ ప్రమాదమైనది. "ఎవరో ఒకరు సాయం చేస్తూనే వున్నారు గదా" అన్నారు. చేస్తున్నారు. నెట్‌సెంటరు కుర్రవాడూ సాయమే చేశాడు. కాని సాయం కోరేవాడు తన రహస్యాలు అప్పగించాలి, అవతలివాడి తీరికకోసం నిలబడాలి, తప్పు జరిగితే తప్పు పట్టకూడదు. వర్సిటీ ఇచ్చే ఫలితం తెలుసుకోవడానికి మనమెవరమూ పరాయివాడికి మన పాస్‌వర్డు చెప్పం. ఆమె చెప్పాలి. తన మార్కులు తనకంటె ముందు ఇంకొకరికి తెలుస్తాయి. దీనిని సాయమనుకొని సంతోషించేవారు ఒక్క వారం రోజులు తమ బ్యాంకు పనులన్నీ పక్కింటివారిచేత చేయించి చూడాలి.

ఇక్కడ మన పల్నాటి కవి ఒకాయన గుర్తుకు రాక తప్పదు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలం' ప్రచురించాడు. గుడిలోకి తనకు ప్రవేశం లేని మనిషి, గుడిలో తిరిగే స్వేచ్ఛ వున్న గబ్బిలంతో తన మొర దేవుడికి పంపుకుంటాడు. అంటరానితనమూ వైకల్యమూ ఒక్కటేనని నేను అనడం లేదు. మొదటిది మనుషులు కల్పించి, శాస్త్రం పేరుతో నిలబెట్టి, తరతరాలుగా శ్రమను దోచుకున్న దుర్మార్గం. రెండింటినీ ఒక గాటకట్టడం చరిత్రకు అన్యాయం. కాని ఆ కావ్యం అడిగిన ప్రశ్న మాత్రం ఇక్కడా నిలుస్తుంది: లోపలికి వెళ్ళే హక్కు వున్న మనిషి తన మాట ఇంకొక ప్రాణితో ఎందుకు పంపుకోవాలి? గబ్బిలం మంచిదా చెడ్డదా అన్నది ప్రశ్న కాదు. తలుపు ఎందుకు మూసివున్నదన్నది ప్రశ్న. నెట్‌సెంటరును పొగిడేవారు గబ్బిలాన్ని పొగిడి తలుపును మరిచిపోతున్నారు.

మూడవది డబ్బు వాదం. ఇది విని నాకు నవ్వు వచ్చింది. గడికి పేరు తగిలించడానికి ఎంత ఖర్చు? కట్టేటప్పుడే గోడలో తలుపు పెడితే ఖర్చు కాదు. కట్టిన తరువాత గోడ పగలగొట్టి తలుపు పెట్టవలసివస్తే ఖర్చు. ఆ ఖర్చు కూడా తలుపు పెట్టకుండా కట్టిన కంట్రాక్టరు భరించాలి గాని, దానిని లోపలికి రావలసినవాడి నేరంగా చూపించరాదు. కంప్యూటరు తెరను చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. అనే సాధనాన్ని 2006లో మైఖేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు మొదలుపెట్టాడు. తరువాత జేమ్స్ టే అతనితో కలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. దానిని వారు ప్రపంచానికి ఉచితంగా ఇచ్చారు. వెబ్ పేజీలు అందరికీ అందేటట్లు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ సూత్రాల మొదటి ప్రతి 1999లోనే వెలువడింది; అవీ ఉచితమే. చూపు లేనివారు తమ వంతు పని చేసి, ఉచితంగా పంచి, ఇరవై ఏళ్ళయింది. చూపు వున్నవారే తమ వంతు చేయలేదు.

డబ్బు వాదానికి విదేశాలలో ఒక అన్న వున్నాడు. అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన పాఠాల వీడియోలను లోకమంతటికీ ఉచితంగా పెట్టింది. వాటిలో చాలావాటికి వినికిడి లేనివారు చదువుకొనే మాటలు లేవని ఫిర్యాదు వెళ్ళగా, 2016లో ఆ దేశపు న్యాయశాఖ అది తప్పేనని తేల్చింది. విశ్వవిద్యాలయం ఏమి చేసింది? ఖర్చు ఎక్కువని చెప్పి, 2017లో 20 వేలకు పైగా పాఠాలను లోకానికి కనబడకుండా తీసివేసింది. అప్పుడు చాలామంది న్యాయశాఖనూ ఫిర్యాదు చేసినవారినీ తిట్టారు, వారివల్ల అందరికీ నష్టం వచ్చిందని. మన దగ్గర కూడా ఈ మాట రేపు వస్తుంది: "మీరు గొడవ చేస్తే వున్నది కూడా తీసేస్తాం." అది బెదిరింపే గాని వాదం కాదు. చివరకు 2022లో అదే విశ్వవిద్యాలయం ఆ పాఠాలను అందరికీ అందేటట్లు చేస్తానని ప్రభుత్వంతో ఒడంబడిక చేసుకున్నది. ఆరేళ్ళు పోయాయి, అసాధ్యమన్న పని సాధ్యమని తేలింది.

నాలుగవ వాదం చేసినవారు చదువుకున్నవారు. "చట్టం వున్నది గదండీ, అదే చూచుకుంటుంది" అన్నారు. వున్నది. 2016 చట్టం 42వ సెక్షను ఎలక్ట్రానిక్ సాధనాలలో వున్న విషయమంతా అందరికీ అందే రూపంలో వుండేటట్లు చూడవలసిన పని ప్రభుత్వానిది అంటున్నది. 46వ సెక్షను సేవలందించేవారందరికీ రెండేళ్ళ గడువు పెట్టింది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి; అంటే గడువు 2019 జూన్‌లోనే దాటిపోయింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల దాకా, ఆ పైన 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షను చెబుతున్నది. 2022లో యు.జి.సి. ఉన్నతవిద్యా సంస్థలకోసం ప్రత్యేకంగా సూత్రాలు అచ్చువేసింది. కాగితానికి కొరత లేదు.

మరి లోపమెక్కడ? నేను తెలుగు పాఠాలు చెప్పేవాడిని గనుక వ్యాకరణం భాషలో చెబుతాను. 'చేయవలెను' అనడం వేరు, 'చేయవచ్చును' అనడం వేరు. చట్టం 'వలెను' అన్నది. దాని కింద వచ్చిన మార్గదర్శకాలు చాలాచోట్ల 'వచ్చును' అన్నాయి. ఈ తేడాను సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న పట్టుకున్నది. రాజీవ్ రతూరీ అనే చూపు లేని పౌరుడు 2005లో వేసిన వ్యాజ్యం అది. హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం చేత దేశంలో పరిస్థితి మీద నివేదిక తెప్పించుకొని, తప్పనిసరి అని చట్టం చెప్పినదానిని ఐచ్ఛికంగా మార్చే నియమం చెల్లదని కోర్టు కొట్టివేసింది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలలలో తయారుచేయాలన్నది. 2025 ఏప్రిల్ 30న మరొక తీర్పు వచ్చింది. ఆసిడ్ దాడులలో ముఖం దెబ్బతిన్నవారూ చూపు లేనివారూ, కళ్ళార్పి చూపితే గాని ఒప్పుకోని బ్యాంకు తనిఖీల మీద వేసిన వ్యాజ్యాలలో, ఆన్‌లైను సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పి, 20 ఆదేశాలు ఇచ్చింది.

ఇంతకంటె ఇంకేమి కావాలి? కావలసినది అడిగేవాడు. చట్టం తనంతట తాను నడిచి మాచర్ల దాకా రాదు. రతూరీ వ్యాజ్యం 2005లో మొదలై 2024 దాకా నడిచింది. మా విద్యార్థిని డిగ్రీకి వున్నవి కొద్ది ఏళ్ళే. ప్రతి విద్యార్థీ కోర్టుకు వెళ్ళి హక్కు తెచ్చుకోవాలంటే అది హక్కు కాదు, లాటరీ. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పదవ తరగతి తరువాత సైన్సు చదవడానికి కోర్టుకు వెళ్ళవలసివచ్చింది. గెలిచి, చదివి, అమెరికాలో ఎం.ఐ.టి.కి వెళ్ళాడు. 2024లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. మనవారంతా చప్పట్లు కొట్టారు. సినిమా చూచి చప్పట్లు కొట్టినవారిలో ఎందరు తమ కాలేజీ దరఖాస్తు పేజీని ఒకసారి కళ్ళు మూసుకొని తెరిచి చూచారు? అసాధారణుడు గోడ దూకితే మనం అతని కాళ్ళను మెచ్చుకుంటాం. గోడను అలాగే వుంచుతాం.

ఇక ఐదవ వాదం. ఇది మన శిబిరంలోది గనుక దీనికి సమాధానం చెప్పడం నాకు కష్టమూ, మరింత అవసరమూ. నేను గౌరవించే ఒక మిత్రుడు ఇలా అన్నాడు: "కూలిజనం కూడుకోసం వలసపోతుంటే నువ్వు వెబ్‌సైటు గడుల గురించి రాస్తావా? ఇది మధ్యతరగతి ముచ్చట." మిత్రమా, నెట్‌సెంటరు ముందు వరుసలో నిలబడేది ఎవరు? కలవారి ఇంట చూపు లేని బిడ్డకు ఖరీదైన యంత్రాలున్నాయి, చదివి వినిపించే జీతగాళ్ళున్నారు, వర్సిటీకి కారు వేసుకొని వెళ్ళే తండ్రి వున్నాడు. మా విద్యార్థిని తండ్రి మిరపతోటలలో కూలికి వెళతాడు. ఆమెను వెంటబెట్టుకొని ఆయన నరసరావుపేట వచ్చిన ప్రతిసారీ ఒకరోజు కూలి పోతుంది. బస్సు చార్జీ పైన. ఎన్నిసార్లు తప్పు వస్తే అన్నిరోజుల కూలి. పేజీలోని గడికి పేరు లేకపోతే ఆ మూల్యం చెల్లించేది కూలివాడి సంచి. ఇది కూటి ప్రశ్న కాదని ఎవరు చెప్పారు?

ఇంకొక సంగతి. కరోనా ఏళ్ళలో చదువంతా తెరమీదికి ఎక్కింది. డిగ్రీ ప్రవేశాలు కూడా అప్పుడే ఎక్కాయి. కిటికీ దగ్గర గుమాస్తాకు కాగితం ఇచ్చే పద్ధతి క్రమంగా మూతపడింది. ఆ గుమాస్తా విసుక్కునేవాడు, లంచమడిగేవాడు కావచ్చు. కాని ఎదురుగా నిలబడిన చూపు లేని అమ్మాయిని చూచి 'వైకల్యం లేదు' అని రాసేవాడు కాదు. పాత కిటికీ మూసినవారు కొత్త తలుపు అందరికీ తెరిచారా లేదా అని అడగడం అభ్యుదయానికి అడ్డుపడడం కాదు. అదే అభ్యుదయం.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. పరీక్ష పోయిన వారంలో ఆ అమ్మాయిని ఓదార్చబోయాను. వర్సిటీవారు రశీదును బొమ్మగా పంపడం ఎంత అన్యాయమో కోపంగా చెప్పాను. ఆమె అంతా విని నెమ్మదిగా అన్నది: "సార్, మీరు పంపే నోట్సు కూడా బొమ్మే గద సార్." నిజమే. రెండేళ్ళుగా నేను చేతిరాత నోట్సును ఫోనుతో ఫొటో తీసి విద్యార్థుల గ్రూపుకు పంపుతున్నాను. 'గబ్బిలం' మీద నోట్సు కూడా అలాగే పంపాను. ఎవరు చదివి వినిపించారు అని అడిగితే, "మా చెల్లెలు సార్, ఏడో తరగతి. కొన్ని మాటలు దానికీ రావు" అన్నది. ఆ రోజు నాకు తలవంచుకోవలసివచ్చింది.

మన తెలుగువారి తప్పు ఇక్కడ మరొకటి వున్నది. దానిని ఇంగ్లీషువాడి మీదికి తోయలేము. 1991లో వచ్చిన యూనికోడు మొదటి ప్రతిలోనే తెలుగు లిపికి చోటు దొరికింది. అయినా మన అచ్చుపని చాలాకాలం పాత డి.టి.పి. ఫాంట్లలోనే నడిచింది, చాలాచోట్ల ఇంకా నడుస్తున్నది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం కంటికి మాత్రమే తెలుగు. యంత్రానికి అది అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల పోగు. చదివి వినిపించే సాధనం దానిని పలికితే పిచ్చివాగుడు వినిపిస్తుంది. వర్సిటీ ప్రకటన ఇంగ్లీషులో వుంటే ఆమె వినగలదు, తెలుగులో వుంటే వినలేదు! మాతృభాషలో చదువు కావాలని తీర్మానాలు చేసే మనం ఈ వింతను గమనించామా? 1951లో భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతి బ్రెయిలు కుదిరింది; చుక్కలలో తెలుగుకు అప్పుడే స్థానం వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత తెరమీద ఆ స్థానాన్ని మనమే పోగొడుతున్నాము.

మన సాహిత్యంలోనూ లెక్క చూచుకోవాలి. 1943లో తెనాలిలో సంఘం పుట్టిన నాటినుంచి మనం పీడితుల పక్షాన రాశామని గర్వపడతాము. ఆ గర్వానికి అర్హత వున్నది. కాని మన కవిత్వంలో అజ్ఞానమంటే గుడ్డితనం, ప్రభుత్వమంటే చెవిటిది, అబద్ధపు కారణమంటే కుంటిసాకు. చెవిటివాడు వినలేడు, ప్రభుత్వం విని కూడా చేయదు. ఈ రెండింటికీ పోలిక ఏమిటి? మాటలను నిషేధించమని నేను కోరడం లేదు. భాష నిషేధాలతో మారదు. అయితే ఒక మనిషిని మనం ఉపమానంగా మాత్రమే వాడుకున్నంతకాలం అతను మనకు పాఠకుడుగా కనిపించడు. పాఠకుడుగా కనిపించనివాడికోసం పత్రికను ఎలా అచ్చువేయాలని ఆలోచించము. మన ఈ త్రైమాసికమే చూడండి: నెట్టులో పెట్టే ప్రతి పాత సంచిక కూడా పేజీల ఫొటోల కట్ట. ఈ వ్యాసం ఎవరి గురించి రాశానో ఆమె దీనిని చదవలేదు.

కనుక నా ప్రతిపాదనలు ఇవి. వర్సిటీలు వెబ్‌సైటు పనిని కంట్రాక్టుకు ఇచ్చేటప్పుడే ఐ.ఎస్. 17802 అనే భారతీయ ప్రమాణాన్ని షరతుగా పెట్టాలి. తీరకపోతే బిల్లు ఆపాలి. ఏ పేజీ అయినా విద్యార్థులకు తెరవకముందు చూపు లేనివారు, వినికిడి లేనివారు, చేతులు సరిగా ఆడనివారు స్వయంగా వాడి చూచి సరేననాలి. ఆ పనికి వారికి జీతమివ్వాలి, దండవేసి పంపరాదు. వైకల్యం గడిలో ముందుగా 'లేదు' అని నింపరాదు. సర్టిఫికెట్టు ఒకసారి నమోదయితే ప్రతి పరీక్షకూ మళ్ళీ అడగరాదు. బొమ్మ కాప్చాకు మరొక దారి వుండాలి. ప్రకటన, రశీదు, హాల్‌టికెట్టు అన్నీ వినగలిగే అక్షరాలలో, తెలుగువి యూనికోడులో వుండాలి. ఆన్‌లైనులో తప్పు జరిగితే పరీక్ష ఉదయం కూడా సరిదిద్దే అధికారం కాలేజీ ప్రిన్సిపాలుకు వుండాలి. కాగితం తీసుకునే కిటికీ ఒకటి తెరిచే వుంచాలి. ఇందులో ఆకాశకుసుమం ఏ ఒక్కటీ లేదు. ఇక మన సంఘం ఈ సంచికతోనే మొదలుపెట్టి పత్రికను ఫొటోగా గాక అక్షరంగా నెట్టులో పెట్టాలి. ఆ తరువాతనే వర్సిటీని అడిగే నోరు మనకు వుంటుంది.

మా పల్నాటివారికి ఒక గర్వం వున్నది. పన్నెండవ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకుంటాము. కారెంపూడి వీరారాధనలో నేటికీ చాపకూడు జరుగుతుంది. ఆ కథలో నాకు ఎప్పుడూ గొప్పగా తోచే విషయం కూడు కాదు, చాప. చాపను నేలమీద పరుస్తారు. నేలమీద పరిచినప్పుడే అది అందరిదీ. అదే చాపను మేడమీద పరిచి, మెట్లు ఎక్కలేనివారికి విస్తరి కట్టి పంపిస్తామంటే అది చాపకూడు కాదు, అన్నదానం. మన వర్సిటీలు చాపను మేడమీద పరిచాయి. మనం పైన కూర్చొని తింటూ, కిందవారిని చూచి పాపం అంటున్నాము.

ఆ అమ్మాయి పోయిన పేపరును వచ్చే విడతలో రాస్తుంది. దానికి మళ్ళీ దరఖాస్తు చేయాలి. మళ్ళీ అదే పేజీ. ఇప్పుడు నేను నోట్సు టైపుచేసి పంపుతున్నాను. తప్పులుంటే ఆమే చెబుతున్నది. కాని ఆ పేజీని నేను మార్చలేను. నిన్న ఆమె దానిని మరొకసారి తెరిచి, ఫోను నా చెవి దగ్గర పెట్టి వినిపించింది. "ఎడిట్, ఎడిట్, బటన్, ఎడిట్" అన్నది ఫోను.